కంప్యూటర్ ఆగిపోయింది, బ్యాకప్ ఉంది: ఫైళ్లు ఏ దారిలో వెనక్కి తెచ్చుకోవాలి?

మాఘమాసం ముహూర్తాలు జోరుగా ఉన్న రోజులు. సోమవారం పొద్దున్నే మా డీటీపీ షాపులో మెయిన్ కంప్యూటర్ ఆన్ చేస్తే విండోస్ గుర్తు వచ్చి అక్కడే ఆగిపోయింది. క్యాబినెట్ దగ్గర చెవి పెట్టి వింటే లోపల నుంచి టిక్... టిక్... అని చప్పుడు. అప్పుడే ఫోన్ మోగింది. "బాబూ, మా అమ్మాయి శుభలేఖలు శుక్రవారానికి అందాలి, మర్చిపోకు" అని ఒక పెద్దాయన. "అలాగే బాబాయిగారూ" అన్నాను గానీ చేతులు చల్లబడిపోయాయి.

బ్యాకప్ లేదా అంటే, ఉంది. ఒకటి కాదు, మూడు ఉన్నాయి. సంక్రాంతికి ముందు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి చేసిన కాపీ ఒకటి. దసరా సెలవుల్లో తీసిన సిస్టమ్ ఇమేజ్ (విండోస్‌తో సహా మొత్తానికి తీసే కాపీ) ఒకటి. గూగుల్ డ్రైవ్‌లో కొన్ని ఫోల్డర్లు. మూడూ ఉన్నా ఆ రోజు మూడు గంటలు వృథా చేశాను. దేనితో మొదలుపెట్టాలో నాకు తెలియకపోవడమే కారణం. బ్యాకప్ ఎలా తీసుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. తీసుకున్నవాటిలో ఏది ఎప్పుడు పనికొస్తుందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు పోయిందేమిటో తేల్చుకోండి

"కంప్యూటర్ పోయింది" అని అందరం ఒకే మాట అంటాం. పోవడంలో మాత్రం చాలా రకాలున్నాయి. కరెంటు హెచ్చుతగ్గులకు ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) కాలిపోవచ్చు. మదర్‌బోర్డు పోవచ్చు. విండోస్ పాడవచ్చు. ఈ మూడింటిలోనూ మీ డేటా ఉన్న డిస్క్ చాలాసార్లు క్షేమంగానే ఉంటుంది. అలాంటప్పుడు ఏ బ్యాకప్ కన్నా తాజా కాపీ ఆ డిస్కే, నిన్న రాత్రి సేవ్ చేసిన ఫైలు కూడా అందులో ఉంటుంది. దాన్ని బయటికి తీసి, సాటా (డిస్క్‌కు ఉండే కనెక్షన్ రకం) నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించి చూడండి. ల్యాప్‌టాప్‌లో వాడే చిన్న డిస్క్‌కు ఆ కేబుల్ ఒక్కటే సరిపోతుంది. డెస్క్‌టాప్‌లో వాడే పెద్ద డిస్క్‌కు విడిగా 12 వోల్టుల అడాప్టర్ కూడా ఉండాలి. అది లేని కేబుల్ కొని "డిస్క్ కూడా పోయింది" అని బెంబేలెత్తినవాళ్లను చూశాను. ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చిప్పులతో పనిచేసే డిస్క్) అయితే దానికి తగిన కేసింగే కావాలి, సాటా కేసింగ్‌లో పనిచేయదు.

ఇక్కడ ఒక చిక్కు. కొత్త విండోస్ 11 మెషీన్లలో డిస్క్ చాలావరకు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా చదవలేని విధంగా తాళం పడి వస్తుంది. ఇంకో కంప్యూటర్‌కు తగిలించగానే 48 అంకెల బిట్‌లాకర్ (విండోస్ సొంత తాళం) రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి వాడినవాళ్లకు ఆ కీ మామూలుగా అదే అకౌంట్‌లో దొరుకుతుంది. ఫోన్‌లోనే లాగిన్ అయి చూసుకోవచ్చు. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఈ రోజే చూసుకోండి.

నా డిస్క్‌లా టిక్ టిక్ అని కొడుతుంటే మాత్రం వెంటనే కరెంటు తీసేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడొద్దు. రికవరీ సాఫ్ట్‌వేర్లు నడపొద్దు. రెక్యూవా, ఫోటోరెక్ లాంటివి మంచివే, కానీ అవి డిలీట్ అయిన ఫైళ్లకు. లోపల భాగాలు అరిగిపోయిన డిస్క్‌ను గంటల తరబడి చదివిస్తే మిగిలినది కూడా పోతుంది. డిస్క్‌ను పక్కన పెట్టి బ్యాకప్‌ల వైపు వెళ్లాలి.

మామూలు కాపీ, ఫైల్ హిస్టరీ

ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఫోల్డర్లను లాగి వేసుకున్న కాపీని చాలామంది చిన్నచూపు చూస్తారు. నా లెక్కలో అర్జెంటు పని ఉన్నప్పుడు దానిని మించింది లేదు. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఏ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకుంటుంది. పెద్దాయన కార్డుకు మూల డిజైన్ నాకు అందులోనే దొరికింది, పట్టిన టైమ్ పది నిమిషాలు. కాపీ చేసిన తర్వాత మార్చినవేవీ అందులో ఉండవు, అదొక్కటే లోటు.

విండోస్ 8 నుంచి వస్తున్న ఫైల్ హిస్టరీ ఆ లోటు చాలావరకు తీరుస్తుంది. దాన్ని ఆన్ చేసి, డిస్క్ తగిలించి ఉంటే, సెట్టింగ్ మార్చకపోతే, గంటకోసారి మారిన ఫైళ్లను దాచుకుంటూ పోతుంది. ఒకే ఫైలుకు పాత వెర్షన్లు కూడా ఉంటాయి. కంప్యూటర్ పోయాక కూడా దీన్ని వాడటం తేలిక. డిస్క్‌లో ఫైల్ హిస్టరీ అనే ఫోల్డర్ తెరిచి, యూజర్ పేరు, కంప్యూటర్ పేరు, డేటా అనే ఫోల్డర్ల మీదుగా లోపలికి వెళ్తే ఫైళ్లు మామూలుగానే కనిపిస్తాయి.

ప్రతి ఫైలు పేరు చివర తేదీ, టైమ్ ఉంటాయి. ఆ టైమ్ మనది కాదు, యూటీసీ, అంటే ప్రపంచమంతా లెక్కకు పెట్టుకునే టైమ్. మన టైమ్ కావాలంటే ఐదున్నర గంటలు కలుపుకోవాలి. 08_42 అని ఉంటే అది మన మధ్యాహ్నం 2 గంటల 12 నిమిషాలు. ఈ సంగతి తెలియక, మధ్యాహ్నం చేసిన కరెక్షన్లున్న ఫైలును పొద్దున్నదని వదిలేసి పాతది ప్రింట్‌కు పంపే ప్రమాదం ఉంది. శుభలేఖలో ముహూర్తం టైమ్ మారిన వెర్షన్ ఏదో ఇలాగే తేల్చుకోవాలి.

దీనిలో పెద్ద లోపం ఒకటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను మాత్రమే తనంతట తాను చూసుకుంటుంది. మన షాపుల్లో పని ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో పెట్టుకోవడం అలవాటు. ఆ ఫోల్డర్‌ను మనం విడిగా చేర్చకపోతే అది బ్యాకప్‌లో ఉండదు. మా పక్కనున్న ఫోటో స్టూడియో తమ్ముడికి ఇదే జరిగింది. రెండేళ్లుగా ఫైల్ హిస్టరీ నడుస్తోందన్న ధీమాతో ఉన్నాడు. తీరా తెరిస్తే డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్లు భద్రంగా ఉన్నాయి, పెళ్లి ఫోటోలు లేవు.

సిస్టమ్ ఇమేజ్: బలం ఎంతో చిక్కులూ అంతే

ఫైళ్లతోపాటు విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు అన్నీ కలిపి తీసే ఫోటో లాంటిది సిస్టమ్ ఇమేజ్. తెలుగు డీటీపీ చేసేవాళ్లకు దీని విలువ ఇంకెవరికీ తెలియనంతగా తెలుస్తుంది. పేజీలు తీర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో చేసిన మన పాత ఫైళ్లు ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లతో ఉంటాయి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే "శ్రీరస్తు" ఉండాల్సిన చోట అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు చేతికొచ్చినా చదవలేం. అంటే ఫైళ్ల కాపీ ఒక్కటే మనకు పూర్తి బ్యాకప్ కాదు.

అందుకే ఆ సోమవారం నేను నేరుగా ఇమేజ్‌నే నమ్ముకున్నాను. కొత్తగా 240 జీబీ ఎస్ఎస్‌డీ కొని, విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, సిస్టమ్ ఇమేజ్ రికవరీ మొదలుపెట్టాను. కుదరదని చెప్పేసింది. పాత డిస్క్ 500 జీబీ. అందులో వాడుకున్నది 90 జీబీ అయినా సరే, విండోస్ సొంత ఇమేజ్‌కు కొత్త డిస్క్ పాతదానితో సమానంగానో అంతకన్నా పెద్దదిగానో ఉండాలి. ఈ ఒక్క షరతు చదువుకోక ఆ పూట పోయింది. హార్డ్ డిస్క్ పోయినప్పుడు అందరూ చిన్న ఎస్ఎస్‌డీకి మారుతున్న రోజులివి, కాబట్టి చాలామందికి ఈ దెబ్బ తగులుతుంది.

ఇంకా రెండు షరతులున్నాయి. కంప్యూటర్‌ను స్టార్ట్ చేసే పద్ధతులు రెండున్నాయి, పాతది లెగసీ బయాస్, కొత్తది యూఈఎఫ్ఐ. పాత కంప్యూటర్ లెగసీ బయాస్‌తో నడిచి, కొత్తది యూఈఎఫ్ఐతో నడిస్తే ఇమేజ్ ఎక్కదు. మదర్‌బోర్డు మారితే ఎక్కినా విండోస్, ఇతర సాఫ్ట్‌వేర్లు లైసెన్స్ మళ్లీ అడగవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇమేజ్‌ను ఎక్కిస్తే ఆ డిస్క్‌లో అంతకుముందు ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. విండోస్ మాత్రమే పాడై డిస్క్ బాగున్నప్పుడు దసరా నాటి ఇమేజ్‌ను దాని మీదే ఎక్కించారంటే, దసరా నుంచి నిన్నటి దాకా ఆ డ్రైవ్‌లో చేసిన పనిని మీ చేత్తో మీరే చెరిపేసినట్టు.

అయితే ఇమేజ్‌ను ఎక్కించకుండానే వాడుకోవచ్చు. ఈ దారి చాలామందికి తెలియదు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో విండోస్ ఇమేజ్ బ్యాకప్ అనే ఫోల్డర్ లోపల వీహెచ్‌డీఎక్స్ రకం పెద్ద ఫైలు ఒకటి ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి అటాచ్ వీహెచ్‌డీ అని కొట్టి, రీడ్ ఓన్లీ దగ్గర టిక్ పెట్టి, ఆ ఫైలు చూపిస్తే అది ఇంకో డ్రైవ్‌లాగా తెరుచుకుంటుంది. మధ్యలో పర్మిషన్ అడిగితే కంటిన్యూ కొట్టాలి. నేను అలా తెరిచి, అందులోని విండోస్ ఫోల్డర్, దానిలోని ఫాంట్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి నా అను ఫాంట్ల ఫైళ్లను కొత్త కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాను. టైప్ చేసే కీబోర్డ్ సాఫ్ట్‌వేర్, పేజ్‌మేకర్ మాత్రం మళ్లీ ఇన్‌స్టాల్ చేయక తప్పలేదు. సాఫ్ట్‌వేర్‌ను ఫోల్డర్ కాపీ చేస్తే పనిచేయదు. కానీ ఫాంట్లు రాగానే పాత కార్డులన్నీ అచ్చ తెలుగులో కళ్లముందు కనిపించాయి. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తే.

వేరే సాఫ్ట్‌వేర్‌తో ఇమేజ్ తీసేవాళ్లు ఈ విషయం ముందే చూసుకోవాలి. క్లోన్‌జిల్లా ఉచితం, నమ్మకమైనది. కానీ దాని ఇమేజ్‌లోంచి ఒక్క ఫైలు తీసుకోవడం తేలిక కాదు, మొత్తం ఎక్కించాల్సిందే. మాక్రియమ్ రిఫ్లెక్ట్ ఇమేజ్‌ను డ్రైవ్‌లా తెరిచి ఫైళ్లు తీసుకోవచ్చు, కానీ దాని ఉచిత ఎడిషన్‌కు 2024 జనవరి నుంచి సపోర్ట్ లేదు. పాత ఇన్‌స్టాలర్‌తో నెట్టుకొస్తున్నవాళ్లు, దానితో తీసిన ఇమేజ్‌లు తెరుచుకుంటున్నాయో లేదో ఇప్పుడే చూసుకోవడం మంచిది.

క్లౌడ్

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్‌ల గొప్పతనం షాపులో దొంగలు పడినా, వరద వచ్చినా తెలుస్తుంది. కంప్యూటరూ ఎక్స్‌టర్నల్ డిస్కూ ఒకే టేబుల్ మీద ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. కొత్త కంప్యూటర్‌లో లాగిన్ అయితే చాలు, ఫైళ్లు కనిపిస్తాయి.

కానీ ఇవి ప్రధానంగా సింక్ చేస్తాయి, అంటే రెండు చోట్లా ఫైళ్లను ఒకేలా ఉంచుతాయి. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, వ్యక్తిగత వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లోనూ 30 రోజులే. మనం అప్‌లోడ్ చేసిన ఫైళ్ల పాత వెర్షన్లను గూగుల్ డ్రైవ్ 30 రోజులో 100 వెర్షన్లో దాటాక తీసేయవచ్చు. కాబట్టి పొరపాటు జరిగి నెల దాటాక తెలిస్తే క్లౌడ్‌ను నమ్ముకోలేం. ఉచితంగా ఇచ్చేది గూగుల్‌లో 15 జీబీ, అదీ జీమెయిల్, ఫోటోలతో కలిపి. వన్‌డ్రైవ్‌లో 5 జీబీ. నిండిపోయాక సింక్ ఆగిపోతుంది, ఆ హెచ్చరికను మనం పక్కకు నెట్టేస్తాం. నా డ్రైవ్‌లో కార్తీకమాసం తర్వాతి ఫైళ్లు లేకపోవడానికి కారణం అదే.

ఇంకో జాగ్రత్త. ఫైలు పక్కన మబ్బు గుర్తు కనిపిస్తే అది మీ కంప్యూటర్‌లో లేదు, ఆన్‌లైన్‌లో మాత్రమే ఉంది. పాత డిస్క్ నుంచి కాపీ చేసుకుని అంతా వచ్చేసింది అనుకోవద్దు. వాటిని అకౌంట్‌లో లాగిన్ అయి తెచ్చుకోవాలి.

వైరస్ వల్ల పోతే

ఫైళ్లు తాళం పడి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వస్తే పైన చెప్పిన వరస మారుతుంది. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఇలాంటివి తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను కూడా వదలవు. అందువల్ల ఎప్పుడూ తగిలించే ఉంచిన ఫైల్ హిస్టరీ డిస్క్ కన్నా, పని అయ్యాక తీసి బీరువాలో పెట్టిన మామూలు కాపీ నయం. ఆ కాపీని అదే కంప్యూటర్‌కు తగిలించి చూడొద్దు. ముందు విండోస్‌ను శుభ్రంగా కొత్తగా వేశాకే తగిలించాలి. క్లౌడ్‌లో అయితే దాడికి ముందు రోజు వెర్షన్‌కు వెనక్కి వెళ్లవచ్చు, నెల దాటకుండా.

ఎంత టైమ్ పడుతుంది?

కస్టమర్‌కు మాట ఇచ్చేముందు ఈ లెక్క వేసుకోండి. 300 జీబీ డేటా ఉందనుకుందాం. యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ ఇస్తుంది, అంటే గంటలోపు. అదే డిస్క్‌ను పాత యూఎస్‌బీ 2 పోర్టుకు పెడితే రెండున్నర గంటలు. 50 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ మీద క్లౌడ్ నుంచి దించుకుంటే, లైను ఒక్కసారి కూడా ఆగకపోయినా 13 గంటలు దాటుతుంది. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే అన్నిట్లోనూ ఇంకా ఎక్కువ. పోర్టు లోపల నీలం రంగు ఉంటే చాలావరకు అది యూఎస్‌బీ 3.

ఏది ఎవరికి?

డిస్క్ బాగుండి మిగతాది పోతే, బ్యాకప్‌ల జోలికి పోకుండా ఆ డిస్క్‌లోంచే కాపీ చేసుకోండి. కాపీ పూర్తయ్యాకే విండోస్ రిపేర్ గురించి ఆలోచించండి.

డిస్క్ పోయి, రేపటికి పని ఇవ్వాల్సి ఉంటే మామూలు కాపీ గానీ ఫైల్ హిస్టరీ గానీ తెరిచి, రేపటికి కావలసిన ఫైళ్లు మాత్రం ముందు తీసుకోండి. మొత్తం రికవరీ రాత్రికి పెట్టుకోండి. అన్నీ ఒకేసారి తెచ్చుకోవాలన్న ఆత్రమే ఎక్కువ నష్టం చేస్తుంది.

డిస్క్ పోయినా కంప్యూటర్ అదే అయి, కొత్త డిస్క్ పాతంత పెద్దదై, ఇమేజ్ తాజాగా ఉంటే, అప్పుడు ఇమేజ్ ఎక్కించడమే రాజమార్గం. సాయంత్రానికి పాత డెస్క్‌టాప్ ఉన్నదున్నట్టు వస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా విండోస్ కొత్తగా వేసుకుని, ఇమేజ్‌ను డ్రైవ్‌లా తెరిచి కావలసినవి తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. బడి పిల్లల ప్రాజెక్టులు, ఇంటి ఫోటోలు తప్ప ఇంకేమీ లేని కంప్యూటర్‌కు ఇమేజ్ అవసరమే లేదు, క్లౌడ్ ఒకటి, బీరువాలో డిస్క్ ఒకటి చాలు.

ఫైళ్లు ఎక్కడికి తెస్తున్నారో కూడా చూసుకోండి. పేజ్‌మేకర్‌లో పెట్టిన పెద్ద బొమ్మలు ఫైలు లోపల ఉండవు, వాటి దారి మాత్రమే ఉంటుంది. పాత పని డి డ్రైవ్‌లో ఉండేదైతే కొత్త డ్రైవ్‌కు కూడా డి అనే అక్షరం ఇచ్చి, ఫోల్డర్ పేర్లు మార్చకుండా పెట్టండి. లేకపోతే తెర మీద వినాయకుడి బొమ్మ కనిపిస్తుంది, ప్రింట్‌లో మసకగా వస్తుంది. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఫైలే పాడైతే, అదే ఫోల్డర్‌లో బ్యాకప్ ఆఫ్ అనే మాటతో మొదలయ్యే కాపీ ఉందేమో చూడండి. దాన్ని నేరుగా తెరవవచ్చు.

మిగిలిన ఖాళీ

అన్నీ తెచ్చుకున్నాక చివరి బ్యాకప్‌కూ కంప్యూటర్ పోయిన రోజుకూ మధ్య కొన్ని రోజుల ఖాళీ మిగులుతుంది. నాకు అది ఇరవై రోజులు. డిస్క్‌ను డేటా రికవరీ ల్యాబ్‌కు పంపాలా అనే ప్రశ్న ఆ ఖాళీకే వర్తిస్తుంది, మొత్తం డిస్క్‌కు కాదు. ఆ రోజుల్లో ఏం చేశామో కాగితం మీద రాసుకుని, అవి ఇంకెక్కడైనా ఉన్నాయేమో వెతకాలి. నేను కస్టమర్లకు వాట్సాప్‌లో పంపిన ప్రూఫ్ పీడీఎఫ్‌లన్నీ చాట్‌లలో ఉన్నాయి. మెయిల్‌లో సెంట్ ఫోల్డర్‌లో కొన్ని దొరికాయి. పెద్దాయన కార్డుకు చివరి కరెక్షన్లు అలాంటి పీడీఎఫ్ చూసే మళ్లీ టైప్ చేశాను, గురువారం రాత్రికి ప్రెస్‌కు వెళ్లింది. మిగిలినవి మళ్లీ చేయడానికి నాలుగు రోజుల పని. ల్యాబ్ ఖర్చు దానికన్నా ఎక్కువ అనిపించి పంపలేదు. అదే పెళ్లి ఫోటోలైతే మళ్లీ తీయలేం కాబట్టి తప్పకుండా పంపేవాణ్ని.

కొత్త కంప్యూటర్ సర్దుకోగానే పాత ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదే కొత్త బ్యాకప్ రాయకండి. రికవర్ చేసిన ఫైళ్లు సగమే వచ్చాయనో, ఏదో ఫోల్డర్ మరిచిపోయామనో నెల తర్వాత బయటపడుతుంది. ప్రతి ఫోల్డర్‌లో రెండు మూడు ఫైళ్లు తెరిచి చివరి పేజీ దాకా చూడండి, సైజు సరిపోయిందని వదిలేయకండి. అప్పటిదాకా కొత్త బ్యాకప్‌కు వేరే డిస్క్ వాడండి. పాతదాని మీద తేదీ రాసిన టేపు అంటించి అలాగే ఉంచండి. టిక్ టిక్ అన్న నా డిస్క్‌ను కూడా అలాగే టేపు వేసి దాచాను.